ఒంటికంటి రాణి మీద పందెం

ఆ ఎండాకాలం మా వదినను చంపాలని తీర్మానించుకున్నాను. చంపాను కూడా. ఆమె ఇప్పటికీ ఆళ్లగడ్డలో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ నిక్షేపంగా ఉందంటే, నేను చంపింది ఆటలో కాబట్టి. ఆటలో చంపడం కూడా ఒక చంపడమేనా అని నవ్వేవాళ్లు నవ్వుకోండి. ఆరేళ్లుగా రాయి మీద రాయి పేర్చి కట్టుకున్న రాజ్యాన్ని ఎవరైనా ఒక్క మాటతో ముంచేస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

మాది బల్ల మీద ఆడే కథల ఆట. ఒకరు గేమ్ మాస్టర్‌గా కూర్చుని కథ నడుపుతారు. తక్కినవాళ్లు తలా ఒక వీరుడి పాత్ర ఎత్తుకుంటారు. కొండ ఎక్కుతానంటే ఎక్కగలిగావా, రాక్షసుడి మీద కత్తి దూస్తే దెబ్బ తగిలిందా అన్నది లోకమంతా పాచిక వేసి తేల్చుకుంటుంది. ఈ ఆటకు రకరకాల సిస్టమ్‌లున్నాయి, ఒక్కోదానికి ఒక్కో రూల్‌బుక్కు. మాది పాత సిస్టమ్. దివిటీ ఎంతసేపు వెలుగుతుంది, వీరుడు ఎంత బరువు మోయగలడు, విరిగిన కాలు ఎన్నాళ్లకు అతుక్కుంటుంది, అన్నిటికీ అందులో లెక్క ఉంటుంది. నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాను. ఆ లావుపాటి పుస్తకం నాకు కంఠతా వచ్చు.

నంద్యాలలో మా ఇంటి ముందుగదిలో ప్రతి ఆదివారం, చర్చి నుంచి వచ్చి భోజనాలు కానిచ్చాక ఆట మొదలయ్యేది. బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉన్న ప్రేమ్ సాగర్ అన్న ఒక నున్నటి నల్లబండ తెచ్చి రెండు ఇనుప పెట్టెల మీద పరిచాడు. నా కాలేజీ సుద్దముక్కలతో దాని మీద కోటలు, కోనలు గీసేవాళ్లం. గోవింద్ ఆళ్లగడ్డ నుంచి వచ్చేవాడు. అక్కడ వాడికి మొబైల్ షాపు ఉంది గానీ, వాళ్లది అహోబిలంలో దేవుడి సేవ చేసుకునే కుటుంబం. ఆ స్వామి పుట్టిన స్వాతి నక్షత్రం ఆదివారం పడిందంటే వాడికి గుడిలో పని, మాకు ఆట బంద్. ఇక మా అన్న మనోజ్. మందుల కంపెనీ రెప్రజెంటేటివ్, బండి మీద ఊళ్లు తిరిగే ఉద్యోగం.

మా ఇంట్లో పాచికలు లేవు. మా నాయన జీవరత్నం రిటైరైన టీచరు, చర్చిలో సంఘపెద్ద. ఆట మొదలుపెట్టిన రోజే ఆయన తేల్చి చెప్పేశాడు.

"పాచికలు జూదగాళ్ల సొమ్ము. నా ఇంట్లో దొర్లగూడదు. చీట్లంటావా, బైబిల్ వాక్యంలోనే ఉండాయి."

అందుకని అమ్మ పాత టీపొడి డబ్బాలో ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు రాసిన చీటీలు వేసుకున్నాం. పాచిక వేయాల్సిన చోట చీటీ తీసేవాళ్లం. కొత్త సంవత్సరం ఆరాధనలో పళ్లెంలోంచి బైబిల్ వచనం రాసిన వాగ్దానం కార్డు తీసుకుంటాం కదా, ఒకసారి చేతికొచ్చినదాన్ని తిరిగి పళ్లెంలో వేయకూడదు. చిన్నప్పటి నుంచి అదే అలవాటు. ఆ అలవాటుకొద్దీ ఆటలోనూ తీసిన చీటీని పక్కన పెట్టేసి, డబ్బా ఖాళీ అయ్యాకే అన్నీ మళ్లీ కలిపేవాళ్లం. ఎందుకలా అని ఆరేళ్లలో ఒక్కరూ అడగలేదు.

నా రాజ్యం పేరు ఏడుకోనలు. దాన్ని ఏలేది ఒంటికంటి రాణి. నాయన తల్లి, మా అవ్వ విజయమ్మ, కోయిలకుంట్ల పొలాల్లో శనగ పెరికేటప్పుడు పుల్ల గుచ్చుకుని ఒక కన్ను పోగొట్టుకుంది. ఆ ఒంటికంటితోనే కూలికి పోయి నాయనను టీచరును చేసింది. నా రాణి సింహాసనం మీద కూర్చుని సరిగ్గా అవ్వలాగే తిట్టేది. "ఏమిరా, తిని కూచోనీకి వచ్చినారా ఈడికి?" అని నేను మంత్రుల మీద గయ్యిమన్నప్పుడల్లా వరండాలో కిటికీ పక్కన కూర్చున్న నాయన చేతిలో పేపరు కదిలేది. ఆయన ఆట వింటున్నట్టు ఒప్పుకున్న పాపాన పోలేదు. కానీ ఆదివారం మధ్యాహ్నం ఆ కుర్చీ కిటికీ దగ్గరకు రాకుండా ఉన్నది లేదు.

ఫిబ్రవరిలో అన్నకు పెళ్లయింది. వదిన కరుణది ఆళ్లగడ్డ. అక్కడ బ్యాంకులో పని చేస్తుంది. పెళ్లయ్యాక రోజూ నంద్యాల నుంచి బస్సులో పోయి వచ్చేది. అంతకుముందు కొన్నాళ్లు బెంగళూరులో ఉన్నప్పుడు తనూ ఈ ఆట ఆడేదట. ఆ మాట విని ఇంట్లో అందరికంటే ఎక్కువ సంబరపడింది నేనే. బల్ల దగ్గర ఆమెకు కుర్చీ వేసింది కూడా నేనే.

ఈస్టర్ అయిన మరుసటి ఆదివారం ఆమె మాతో కూర్చుంది. రాణి పంపిన దళం శత్రువు కోటగోడ ఎక్కాలి.

"గోడ ఎక్కనీకి మూట బరువు కూడాల్నా?" అంది వదిన.

"కూడాల. బరువెక్కువైతే జారి పడతావు."

"పడితే?"

"కాలిరుగుతాది. చీటీ తియ్యి, ఎన్నాళ్లు మంచంలో ఉంటావో చెప్తా."

వదిన అన్న వైపు చూసింది. అన్న నవ్వు ఆపుకున్నాడు. ఆ గోడ ఎక్కేసరికి సాయంత్రమైంది. టీలు తాగుతుండగా ఆమె గ్లాసు కింద పెట్టి, ఎంతో మెత్తగా అంది.

"కోపం తెచ్చుకోవద్దు జ్యోత్స్నా. ఇది ఆట మాదిరి లేదు. ఆడిట్ మాదిరి ఉండాది."

గోవింద్ పకపకా నవ్వాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమె లోపలికి పోయి ఒక సన్నటి పుస్తకం, ఎర్రటి గుడ్డసంచి తెచ్చింది. పుస్తకం ఇంకో సిస్టమ్‌ది. అందులో బరువులూ దివిటీల లెక్కలూ లేవు. ఒక్కరే మాస్టర్ అని కూడా లేదు. వారానికొకరు ఆ ఆసనంలో కూర్చుంటారు, కథ అందరూ కలిసి చెప్తారు. సంచిలో రంగురంగుల పాచికలు, ఇరవై ముఖాలవి. అవి బండ మీద గలగలమనేసరికి కిటికీ అవతల నుంచి "ఏందీ చప్పుడు?" అని వినబడింది.

"పాచికలు మామా. ఉత్త ప్లాస్టిక్‌వే."

"ఈడ చీట్లుండాయి గదమ్మా" అన్నాడు నాయన.

ఆమె పాచికలను సంచిలో వేసి మూతి బిగించింది. పుస్తకం మాత్రం బల్ల మీదే ఉంది. ఇక మొదలైంది గొడవ.

"అందురూ కథ చెప్పేటట్లైతే ఓడిపోయేదెవురు? సావు భయం లేని యుద్ధం ఏం యుద్ధమప్పా?" అన్నాడు ప్రేమ్ సాగర్ అన్న.

"సావుంటాదన్నా. కాకుంటే ఊరికే జారి పడి సావరు. తెగించి సస్తారు" అంది వదిన.

"నా మాట గూడ వినండప్పా. పోయిన ఎండాకాలం నుంచి మొన్నటిదాకా ఒకే గుహలో దివిటీ పట్టుకోని నిలబడుకున్యా. ఒక్కసారన్నా కొండెక్కి కేక పెట్టల్లని ఉండదా?" అన్నాడు గోవింద్.

"దివిటీ ఆరిపోయుంటే మీరంతా ఆడ్నే సచ్చేవాళ్లు. అది నడపడమంటే తమాషా అనుకున్యావా?" అన్నాను. "ఇప్పుడు ఆట మారిస్తే రాణి గతేంది? ఆఖరి యుద్ధం గుమ్మంలో ఉండాది."

"ఒక్క ఎండాకాలం ఆడి చూద్దాం పాపా. నచ్చకుంటే మళ్లా నీదే" అన్నాడు అన్న, నా మొహం చూడకుండా.

చేతులెత్తమన్నారు. వదిన ఎత్తింది, గోవింద్ ఎత్తాడు, నా తోడబుట్టినవాడు ఎత్తాడు. ప్రేమ్ సాగర్ అన్న చెయ్యి సగం లేచి, నన్ను చూసి ఆగింది. ఆ సగం చెయ్యిని నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

మరుసటి వారం ఆసనం వదినది. ఆమె తడిగుడ్డ తీసుకుని, నేను గీసిన కోనలు, కోటలు, రాణి మేడ అన్నీ ఒక్క తుడుపు తుడిచేసింది. ఆ చోటంతా నీలిసుద్దతో నింపింది.

"ఇదే భూమి. వెయ్యేండ్ల తర్వాత. ఇప్పుడంతా పెద్ద సరస్సు. అడుగున ఏదో రాజ్యం ఉండిందంట, ఎవురికీ పేరు గూడ తెలీదు. ఖాళీగా మొదలుపెడితే అందరికీ సమానం గదా."

అయిపోయింది. యుద్ధం లేదు, రాణికి ఒక్క మాట లేదు. ఆమె తెలియక చేసింది పాపా అని తర్వాత అన్న సర్దిచెప్పబోయాడు. తెలియకనట! తడిగుడ్డ చేతబట్టిన మనిషికి తుడుస్తున్నానని తెలియదా?

సాయంత్రం నాయనకు టీ ఇస్తుంటే ఆయన గొంతు తగ్గించి అడిగాడు.

"మ్మా, ఆ ముసలామె ఏమాయె?"

ఆరేళ్లలో ఆయన నోరు తెరిచి ఆట గురించి అడగడం అదే.

"మునిగిపోయింది నాయనా."

"మునిగిపోయిందా? ఎవురు ముంచినారు?"

"నీ కోడలు."

ఆయన పేపరు మడిచి లోపలికి వెళ్లిపోయాడు. టీ అట్లాగే చల్లారిపోయింది. మరుసటి ఆదివారం ఆయన కుర్చీ కిటికీ దగ్గరకు రాలేదు, పెరటివైపు పోయింది. ఆ ఖాళీ కిటికీని చూస్తూ నేను పళ్లు నూరుకున్నాను. రాణిని లేపుతాను, ముంచినదాన్ని ముంచుతాను, అదీ ఆమె తెచ్చిన పుస్తకంతోనే అనుకున్నాను.

పైకి మాత్రం నోట్లో నాలుక లేనిదానిలా ఉండిపోయాను. వదిన పుస్తకాన్ని జిరాక్స్ తీయించుకుని కాలేజీ సెలవుల్లో పరీక్షకు చదివినట్టు చదివాను. వెతికింది దొరికింది. ఆ సిస్టమ్‌లో వీరుడు చచ్చే దారి ఒక్కటే, దాని పేరు తెగింపు. ఆటగాడు తన ప్రాణానికంటే ఎక్కువైనదాని కోసం వీరుడి ప్రాణాన్నే పందెంగా పెట్టవచ్చు. పదకొండు దాటిన అంకె పడితే కోరింది జరుగుతుంది. తక్కువ పడితే వీరుడు చస్తాడు. ఆ తర్వాత ఏం జరిగిందో ఆసనంలో ఉన్నవాళ్లు చెప్పిందే కథ, ఎవరూ అడ్డు చెప్పకూడదు.

పాచికతో అయితే ఇది నిజమైన తెగింపే. ఎన్నిసార్లు వేసినా ఏ అంకె అయినా పడవచ్చు. మా టీపొడి డబ్బా సంగతి వేరు. పెద్ద అంకెలు ముందే బయటికొచ్చేస్తే లోపల మిగిలేవి చిన్నవే. ఏ చీటీ వచ్చిందో, ఏది మిగిలిందో గుర్తుపెట్టుకోవడం నాకు ఒక లెక్కా? నా ఆసనం రోజు, డబ్బా అడుగంటేవేళకు చిన్నవే మిగలాలి. అంతే. అలాంటి ఆదివారం కోసం కాచుకుని కూర్చున్నాను.

ఈలోగా వదినతో బాగా కలిసిపోయాను. ఆమె ఆళ్లగడ్డ నుంచి వస్తూ మామిడిపండ్లు తెచ్చేది, ఇద్దరం మేడ మీద కూర్చుని తినేవాళ్లం. ఆమె వీరురాలి పేరు అగ్నిశిఖ. వెండిగద్ద మీద ఎగురుతూ తిరుగుతుంది. ఆ గద్దంటే వదినకు ప్రాణం. దానికి ముద్దుపేరు పెట్టింది, దాని బొమ్మ గీసి వాళ్ల గదిలో అద్దానికి అంటించుకుంది.

"బస్సులో కిటికీ పక్కన కూచోని దాని మీద పోతాండానని అనుకుంటా. ఎండ తెలీదు" అంది ఒకరోజు, మామిడిటెంక చీకుతూ.

"బాగుండాది వదినా" అన్నాను. ఏం చంపాలో నాకు ఆ క్షణాన తెలిసిపోయింది.

రోహిణి ఎండలు నిప్పులు చెరుగుతున్న ఆదివారం కరెంటు పోయింది. అమ్మ అందరికీ విసనకర్రలు ఇచ్చి వెళ్లింది. ఆసనం నాది. మొదటి నుంచీ చిన్న చిన్న పనులకు కూడా వాళ్లచేత చీటీలు తీయిస్తూ వచ్చాను. పడవ ఎక్కితే చీటీ, తాడు విసిరితే చీటీ. గోవింద్‌కు ఇరవై పడింది, గంతులేశాడు. అన్నకు పద్దెనిమిది. ప్రేమ్ సాగర్ అన్న పదమూడు తీశాడు. దాంతో పెద్ద అంకెలన్నీ బయటికొచ్చేశాయి. అప్పుడు వదిన వైపు తిరిగాను.

"వదినా, గద్ద రెక్కలు నల్లబడతాండాయి. సరస్సులో తాగిన నీళ్లలో విషముండాది."

విసనకర్ర ఆగిపోయింది. "మందు లేదా?"

"లేదు."

"గోవింద్ మంత్రగాడు గదా?"

"నా మంత్రం మనుషులకే పని చేస్తాదక్కా" అన్నాడు గోవింద్ పాపం.

"పడిపోతాండాది వదినా. నిన్నే చూస్తాండాది" అన్నాను. "తెగిస్తే బతుకుతాది."

ఆమె కళ్లు నిజంగానే తడి అయ్యాయి. నాకు సంతోషంగా ఉంది. దాచుకోను, చాలా సంతోషంగా ఉంది.

"తెగిస్తాండా" అంది. డబ్బాలో చెయ్యి పెట్టి తీసింది. రెండు.

నేను లేచి నిలబడి చెప్పాను. గద్దా, అగ్నిశిఖా కలిసి సరస్సులో పడ్డారు. వాళ్లు పడినచోట నీళ్లు సుడి తిరిగి, ఇంకిపోయి, అడుగున మేడల కొనలు కనబడ్డాయి. ఏడు కోనలు ఒక్కొక్కటే తేలాయి. రాజమేడ మెట్ల మీద ఒక ముసలామె కూర్చుని తడిజుట్టు పిండుకుంటోంది. ఒంటికన్ను ఎత్తి చూసింది.

"ఏమిరా, నన్ను ముంచేసి సుఖంగా ఉండారా?"

పెరట్లో కుర్చీ జరిగిన చప్పుడైంది. కాసేపటికి కిటికీ అవతల నాయన తల కనబడింది. ప్రేమ్ సాగర్ అన్న బండ మీద అరచేత్తో కొట్టి "ఇదప్పా కథంటే!" అన్నాడు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఆ సందట్లో వదిన డబ్బా తీసుకుని బండ మీద బోర్లించింది. మిగిలిన చీటీలు ఒక్కొక్కటి విప్పింది. ఒకటి, మూడు, ఐదు, ఏడు. వాటిని వరసగా పెట్టి కాసేపు చూసింది. తర్వాత మళ్లీ మడిచి, డబ్బాలో వేసి, మూత పెట్టింది.

"బాగా చెప్పినావు జ్యోత్స్నా" అంది.

ఆ వారంలోనే ఒకరోజు అన్నం తినేటప్పుడు ఆమె నాయన కంచంలో పప్పు వడ్డిస్తూ చెప్పింది.

"ఆళ్లగడ్డలో ఇల్లు చూసినాం మామా. బ్యాంకుకు దగ్గర. ఆయనకు యాడున్నా ఒకటే గదా."

అమ్మ గరిటె పట్టుకుని నిలబడిపోయింది. "ఏందమ్మా ఇంత బేగా? ఎవురన్నా ఏమన్నా అన్న్యారా?"

"లేదత్తా. బస్సులో ఎండకు తట్టుకోలేకపోతాండా. అంతే" అంది వదిన. నా వైపు చూడలేదు. అంత ఎండలోనూ రోజూ వచ్చిపోతూ ఆమె ఈ ఇంట్లో ఎందుకుందో నాకు తెలుసు. ఆ ఆదివారాల కోసం. అసలెందుకు పోతోందో అన్నకు తెలియదు, అమ్మకు తెలియదు. ఇద్దరమే ఎరుగుదుం. వాళ్ల సామాను ట్రాలీ ఆటోలో ఎక్కుతుంటే గద్ద బొమ్మ మడతపెట్టి ఆమె చేతిసంచిలో పెట్టుకోవడం చూశాను. పోతే పోనీ అనుకున్నాను. నా రాజ్యం నాకొచ్చింది.

ఆదివారం వచ్చింది. బండ మీద ఏడుకోనలు కొత్తగా గీశాను. లావు పుస్తకం దుమ్ము దులిపాను. గోవింద్ ఫోన్ చేశాడు. "అక్కా, కరుణక్క వాళ్లింట్లో ఆడతాండాం. నాకు షాపు పక్కనే గదా." ప్రేమ్ సాగర్ అన్న కూడా అటే పోయాడు. బేతంచెర్ల నుంచి నంద్యాల వచ్చి, ఇక్కడ బస్సు మారి, మా వీధి మొగలోకైనా రాకుండా పోయాడు. సగం చెయ్యి మనిషి ఇప్పుడు పూర్తిగా ఎత్తాడన్నమాట. సామ్రాజ్యమంతా నా ముందే ఉంది, ఏలడానికి ఒక్క పురుగు లేదు. ఒంటరిగా చీటీ ఒకటి తీశాను. పందొమ్మిది. ఎవరికి చూపించుకోను?

కిటికీలోంచి నాయన అడిగాడు. "ఆట లేదా మ్మా?"

"ఆళ్లగడ్డలో ఆడతాండారు."

"ముసలామె గూడ ఆడ్నే ఉండాదా?"

నేను బండ వైపు చూశాను. కథ నడిచేచోటే రాణి ఉంటుంది. బండ మీద ఉన్నది సుద్ద.

"అయితే వచ్చేవారం పోదాం పా. పిల్లోళ్లను చూసినట్లుంటాది" అన్నాడు.

అలా పోయాం. మొదటి వాన పడి బస్సు కిటికీల్లోంచి మట్టివాసన కొడుతోంది. ఒళ్లో చేతిసంచి, అందులో టీపొడి డబ్బా. చీటీలన్నీ కొత్త కాగితం మీద మళ్లీ రాశాను. ఆమె ఇంట్లో, ఆమె బల్ల మీద, ఇంకోసారి ఓడించి వస్తానని పోయాను.

మేడ మీద చిన్న ఇల్లు. మమ్మల్ని చూసి అన్న సంబరపడ్డాడు. వదిన నాయనకు కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, నాకూ ఇచ్చింది. బల్ల చుట్టూ గోవింద్, ప్రేమ్ సాగర్ అన్న సర్దుకుని నాకు చోటిచ్చారు. బల్ల మధ్యలో ఎర్రసంచి ఉంది. వదిన దాని మీద చెయ్యి వేసి నాయనను అడిగింది.

"మామా, ఈడ పాచికలతో ఆడతాండాం. మీరు వద్దంటే లోపల పెట్టేస్తా."

అందరం ఆయన్నే చూశాం. నాయన గోడకు తగిలించిన కొత్త క్యాలెండరు చూశాడు, గుమ్మం దగ్గర అన్న చెప్పులు చూశాడు, తలుపుకు వేలాడుతున్న కర్టెన్ చూశాడు.

"ఇది మీ ఇల్లమ్మా. నన్నెందుకు అడుగుతావు?" అన్నాడు.

నేను గబగబా డబ్బా తీసి బల్ల మీద పెట్టాను. "చీట్లు తెచ్చినా."

"అది వద్దు జ్యోత్స్నా" అంది వదిన నవ్వుతూ. "దాంట్లో ఏం మిగిలిందో నీకు ముందే తెలుస్తాది. పాచికతో ఆ బాధ లేదు."

పరాచికం అనుకుని తక్కినవాళ్లు నవ్వారు. నా మొహం మాడిపోయింది. డబ్బా తీసి కుర్చీ కింద పెట్టుకున్నాను.

ఆమె పుస్తకం తెరిచి ఒక పేజీ మీద వేలు పెట్టింది. నేను అంతగా చదివి కూడా అవసరం లేదని దాటేసిన పేజీ. మారు తెగింపు. తెగింపులో వీరుణ్ణి పోగొట్టుకున్నవాళ్లు, ఆ చావు చెప్పినవాళ్లకు అన్నిటికంటే ఇష్టమైనదాని మీద ఒకే ఒక్కసారి పందెం కట్టవచ్చు. ఇద్దరూ పాచిక వేయాలి. ఎక్కువ పడినవాళ్లది మాట.

"ఒంటికంటి రాణి మీద కడతాండా" అంది. "నేను గెలిస్తే ఆమె మళ్లా మునుగుతాది. ఈసారి ఎవురూ లేపనీకి లేదు."

"కట్టు" అన్నాను.

ఆమె వేసింది. పాచిక దొర్లి దొర్లి ఆగింది. తొమ్మిది.

నా చేతికిచ్చింది. జీవితంలో పాచిక ముట్టుకోవడం అదే మొదలు. చిన్నది, తేలిగ్గా ఉంది. లోపల ఏం మిగిలిందో, ఏం రావాలో నాకేమీ తెలియదు. వెనక నాయన కుర్చీ కిర్రుమంది. విసిరాను. అది బల్ల అంచు దాటి కింద పడి, నేల మీద దొర్లుకుంటూ పోయి నాయన కాలి దగ్గర ఆగింది. నేనూ వదినా ఒకేసారి వంగి చూశాం. ఇద్దరికీ స్పష్టంగా కనబడింది. నాలుగు.

నాయన వంగాడు. ముక్కు మీదికి జారిన అద్దాలు పైకి తోసుకుని దానివైపు చూశాడు. సన్న అక్షరాల వాక్యం ఇప్పటికీ దీపం లేకుండా చదివే మనిషి, ఆయన చూపుకు వంక పెట్టడానికి లేదు. రెండు వేళ్లతో దాన్ని ఎత్తి గుప్పిట్లో పెట్టుకున్నాడు.

"పదైదు" అన్నాడు.

గోవింద్ చప్పట్లు కొట్టాడు. నలభై ఏళ్లు పిల్లలకు, సంఘానికి అబద్ధమాడవద్దని చెప్పిన మనిషి. వదిన లేచి ఆయన మొహంలోకి చూసింది. ఆమెకు మా అవ్వ సంగతి తెలియదు. ఎవరూ చెప్పలేదు. కానీ పాచిక పట్టుకున్న ఆ గుప్పిలి వణుకుతోంది. అది చూసింది.

"పదైదే మామా" అంది. "రాణి బతికింది."

నాయన పాచికను ఆమె చేతిలో పెట్టి, ఎవరినీ చూడకుండా వరండాలోకి వెళ్లిపోయాడు. వదిన నా ఖాళీ మజ్జిగ గ్లాసు తీసుకోవడానికి వంగి, నాకొక్కదానికే వినబడేలా అంది.

"ఇది నీ కోసం కాదు జ్యోత్స్నా."

నా రాణి ఆమె దయాధర్మం మీద బతికింది. ఎవరితో చెప్పుకోను? చెప్తే నాయన అబద్ధం బయటపడుతుంది. నోరు కుట్టేసినట్టు కూర్చుని సాయంత్రం దాకా ఆడాను. రాణిచేత మంత్రులను తిట్టించాను. వరండాలో కుర్చీ కిటికీ దగ్గరికి జరిగింది.

తిరుగు బస్సు నంద్యాల దగ్గరపడుతుంటే నాయన "వచ్చే ఆదివారం గూడ పోదామా?" అన్నాడు.

"పోదాం" అన్నాను. పోక చస్తానా? వదిన నా మొహాన విసిరిన గెలుపును తిరిగి ఆమె మొహాన కొట్టేదాకా ప్రతి ఆదివారం పోతాను. ఇంటికి రాగానే చీటీలన్నీ చించి పొయ్యి దగ్గర పడేశాను. డబ్బా కడిగి అమ్మకిచ్చాను. మరునాడు నాయన ముందే కూర్చుని ఫోన్‌లో పాచికలు ఆర్డర్ పెట్టాను, దాచకుండా, ఆయనకు చెప్పి మరీ.

ఆయన పేపరు దించలేదు.

"ఏం రంగువి?" అని మాత్రం అడిగాడు.